అన్నం బొత్తాం

ఉదయం తొమ్మిదికి రెండు నిమిషాలుండగా మర గదిలో తెర ముందు కూచుని నాంచారి ఇరవై నాలుగు బుర్రల నాడీ చూసి ముగించింది. బుర్రలకు పేర్లుండవు, అంకెలే. అయినా పదిహేడోదాన్ని మాత్రం ఆమె "మందమతీ" అనే పిలుస్తుంది. తక్కినవాటికన్నా అది రెప్పపాటు ఆలస్యంగా పలుకుతుంది మరి. ఇవాళ అమావాస్య, పెద్దపోటు రోజు. ఇలాంటి రోజున మందమతి కూడా టంచనుగా పలికితే సంతోషించాల్సింది పోయి ఆమెకు గుబులు పుట్టింది. పదిహేను రోజులుగా ఆమెకు అన్నిటికీ గుబులే.

సముద్రం దీవికన్నా ఎత్తుకు వచ్చి నలభై ఏళ్లయింది. దీవి చుట్టూ కట్ట వేశారు. కట్టకు ఇరవై నాలుగు తలుపులు. ఆటుకు వాటిని తెరిచి లోపలి మురుగునీరు బయటికి వదలాలి, పోటుకు మూసి సముద్రాన్ని బయటే నిలబెట్టాలి. తలుపుకొక బుర్ర, తలుపుకొక లస్కరు. బుర్ర తలుపును తిప్పుతుంది, లస్కరు బుర్రను కనిపెట్టుకుని ఉంటాడు. తెల్లవారుజామున డ్యూటీ ఎక్కిన లస్కరు తొమ్మిదింటి అన్నానికి లేచేముందు గోడ మీది పచ్చ బొత్తాం నొక్కాలి. అప్పుడు అతని తలుపు కాపలాను పక్క తలుపు బుర్ర తీసుకుంటుంది. ఈ ఏర్పాటు చేసినవాళ్లు గొప్ప తెలివిగలవాళ్లే, కాదనం. లస్కర్లతో కూచుని ఒక్క పూట అన్నం తినలేదు, అంతే.

పోయిన పున్నమినాడు, సరిగ్గా ఇదే వేళకు, కెర్నెల్ కూలింది. కెర్నెల్ అంటే మరకు ప్రాణం లాంటి ప్రోగ్రాం, ఇరవై నాలుగు బుర్రలకూ కలిపి ఒకటే. అది కూలితే పంచనామా జరగాలి: చచ్చేముందు ఏ బుర్ర ఏం చేస్తోంది, ఏది ఎవరి కోసం చూస్తోంది, అంతా ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలి. దానికి పధ్నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ రోజు ముఖ్య ఇంజినీరు రజాక్ గారు "పంచనామా వదిలెయ్, లేపు" అన్నారు. నాంచారి లేపింది. లేచింది, మళ్లీ కూలింది. మూడోసారికి గాని నిలబడలేదు. ఈలోపు తెరిచి ఉన్న తొమ్మిదో తలుపులోంచి పోటు లోపలికి వచ్చింది. మురుగు కాలువలో పీతలు పట్టుకుంటున్న మాలచ్చి, పదో తలుపు లస్కరు పేరయ్య భార్య, కొట్టుకుపోయింది.

పంచనామా లేదు గనక మిగిలిన ఆధారం ఒక్క వాక్యమే. "తొమ్మిదో తలుపు: మనిషి లేడు." తొమ్మిదో తలుపు లస్కరు ఏసుపాదం ఆ సమయానికి పచ్చ బొత్తాం నొక్కి ఉన్నాడు. లస్కరు అజాగ్రత్త, అని కట్ట మండలి ఖాయం చేసుకుంది. ఇవాళ మూడింటికి విచారణ. ఉద్యోగం పోవడం ఒక ఎత్తు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఏసుపాదం మాలచ్చిని చంపినవాడుగానే ఈ కట్ట మీద తిరగాలి. పంచనామా లేకుండా మరను లేపే తాళం తిప్పిన చెయ్యి తనది. ఆ సంగతి నాంచారికి ముద్ద మింగుతుంటే గుర్తొస్తుంది.

తొమ్మిది దాటి పదకొండు సెకన్లకు తెర మీది ఇరవై నాలుగు గీతలూ ఒక్కసారే బిగుసుకున్నాయి. పన్నెండో గీత ఎర్రబడింది.

"కూలింది," అంది నాంచారి. అనాలని అనుకోకముందే నోరు అనేసింది, రెండు చేతులూ బల్ల మీంచి పైకి లేచాయి.

ఆ గదిలో అది పద్ధతి. కెర్నెల్ కూలినప్పుడు అది ముందుగా పసిగట్టిన బుర్ర తక్కినవాటికి కేక వేస్తుంది. ఆ కేకకు చెవులు మూసుకోవడం ఏ బుర్రకీ చేతకాదు. ఎక్కడున్నది అక్కడే ఆగిపోవాలి, లేకపోతే పిచ్చెక్కిన కెర్నెల్ మాట విని తలుపులు ఇష్టమొచ్చినట్టు తిప్పేస్తాయి. మొదట కేక వేసినదానికే పెద్దరికం. పంచనామా రాసేదీ అదే, మళ్లీ లేపేదీ అదే. మనుషులకూ ఇదే నియమం పెట్టారు. మొదట "కూలింది" అన్నవాళ్లదే తాళం. పైవాళ్లొచ్చినా సరే, పని ముగిసేదాకా అది చేతులు మారదు.

రజాక్ గారు అద్దాల గదిలోంచి టీ గ్లాసుతోనే పరుగెత్తుకొచ్చారు. "యా అల్లా! మళ్లీనా?"

"పన్నెండోది కేక వేసింది సార్. ఇరవై మూడూ ఆగాయి. పంచనామా మొదలైంది."

"తలుపుల సంగతి?"

"ఇరవై మూడు ముందే మూసుకున్నాయి." నాంచారి తెర మీద వేలు పెట్టింది. "తొమ్మిదోది తెరిచే ఉంది."

తొమ్మిదో తలుపు పెద్ద మురుగు కాలువది. లోపలి నీరంతా దిగిపోవాలని దాన్ని ఎప్పుడూ ఆఖర్న మూస్తారు. బయట పోటు లేస్తోంది. తొమ్మిదీ పన్నెండుకు అది తలుపు గడప దాటుతుంది. కాలువలో, తలుపుకు కిలోమీటరు లోపల, మందపాలెం వాళ్లు నలభై మంది నడుముల్లోతు నీళ్లలో దిగి గుర్రపుడెక్క తీస్తున్నారు. వాళ్లను హెచ్చరించే సైరను మోగించాల్సింది కూడా బుర్రలే. ఆమె వాళ్ల మేస్త్రికి ఫోను చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. కాలువలో దిగేవాళ్లు ఫోన్లు గట్టు మీద సంచుల్లో పెట్టి దిగుతారు. మళ్లీ చేసింది. ఎవరూ ఎత్తలేదు.

"పంచనామా ఆపు, లేపెయ్," అన్నారు రజాక్ గారు. ఆయన చేతిలోని టీ ఒలికి చొక్కా మీద పడుతోంది, చూసుకోలేదు. "నాలుగు నిమిషాల్లో లేస్తుంది, తలుపు మూస్తుంది."

"పోయినసారీ అట్లాగే అన్నారు సార్. లేచి మళ్లీ కూలింది."

"నలభై మంది ఉన్నారు నాంచారీ!"

"ఉన్నారు కాబట్టే. ఎందుకు కూలిందో తెలియకుండా లేపితే మళ్లీ కూలదని మీరు రాసిస్తారా?"

ఆయన చెడ్డమనిషి కాదు. పదిహేను రోజులుగా ఆయనకూ నిద్ర లేదు, ఆ సంగతి ఆ కళ్లే చెప్తున్నాయి. కానీ భయపడ్డ మనిషి చేతికి ఏది దొరికితే అది తిప్పేస్తాడు. ఇవాళ ఆయన చేతికి తాళం లేదు, అదొక్కటే నయం.

తెర మీద పంచనామా ఒక్కో వరసా దిగుతోంది. ఒకటో బుర్ర: తన కాపలా రెండోదానికి అప్పగించి, అది తీసుకునేదాకా ఎదురుచూపు. రెండో బుర్ర: తన కాపలా మూడోదానికి, ఎదురుచూపు. మూడోది నాలుగోదానికి. నాలుగోది అయిదోదానికి. నాంచారి వేలితో వరసలు తాకుతూ చదివింది. ఆరో వరస దగ్గర వేలు ఆగిపోయింది. అన్ని చేతులూ నిండే ఉన్నాయి. ఇచ్చేవాళ్లే గాని పుచ్చుకునేవాళ్లు లేరు. కట్ట దీవి చుట్టూ గుండ్రంగా ఉంటుంది, ఇరవై నాలుగోదాని పక్కది మళ్లీ ఒకటోదే.

ఆమె కట్ట లైను అందుకుంది. అది పాతకాలపు రాగితీగ, బుర్రలతో దానికి సంబంధం లేదు. ఒకరు మాట్లాడితే ఇరవై నాలుగు తలుపుల దగ్గరా వినబడుతుంది.

"ఏసుపాదం బాబాయ్, ఉన్నావా?"

"ఉన్నానమ్మా. తలుపు కదలట్లేదు, చూత్తన్నా. నేను యాడికీ పోలేదమ్మా, తలుపు పక్కనే కూచుని క్యారియరు ఇప్పా, అంతే." గొంతులో అప్పుడే విచారణ మొదలైపోయింది.

"తెలుసు. బొత్తాం నొక్కావా?"

"నొక్కా. అందరం నొక్కాం. పేరయ్య ఇయ్యాలే గదా పనిలోకొచ్చింది."

నాంచారికి ఒక్క క్షణం అర్థం కాలేదు. "పేరయ్య గారు వస్తే మీరందరూ ఎందుకు నొక్కడం?"

"అదేందమ్మా అట్టా అడుగుతావు? కర్మ చేసుకొచ్చినోడు మొదటిరోజు ఒంటిగా తినకూడదు గదా. మాలో పెద్దాయన లైన్లో 'ఎత్తండర్రా' అంటాడు, అందరం ఒక్కసారే బొత్తాం నొక్కి ముద్ద ఎత్తుతాం. మా తాతల కాడ్నించీ అంతే."

"పోయిన పున్నమికి?"

"వీరాస్వామి వచ్చిన రోజమ్మా అది. ఆళ్లమ్మ పోయింది గదా."

మామూలు రోజుల్లో లస్కర్లు తొమ్మిదికి అటూ ఇటూగా ఎవరికి ఆకలేసినప్పుడు వాళ్లు తింటారు. ఎక్కడో ఒకచోట చెయ్యి ఖాళీగా ఉంటుంది. ఎవరింట్లోనో చావు జరిగి, దినం తీరి, మనిషి పనిలోకొచ్చిన రోజున మాత్రమే ఇరవై నాలుగు బొత్తాలూ ఒకే రెప్పపాటులో పడతాయి. ఎక్కడో గదిలో కూచుని ఈ కెర్నెల్ రాసినవాళ్లకు అది తట్టదు. తట్టాలనీ లేదు. నాంచారికి ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఆ రెండిటికీ టైము లేదు. టైము తొమ్మిదీ మూడు.

"సార్, ఇప్పుడు లేపినా ఉపయోగం లేదు," అంది. "బుర్రలు రాసుకున్న అప్పగింత చీటీలన్నీ మర పెట్టెలోనే ఉంటాయి. లేవగానే అవే మళ్లీ చదువుతుంది, మళ్లీ కూలుతుంది. పోయినసారి రెండుసార్లు కూలి చీటీలు చెరిగిపోయాకే నిలబడింది, ఇప్పుడు అంత టైము లేదు. చేత్తో మూయించాలి."

"చేత్తోనా?" రజాక్ గారు ఆమెకేసి వెర్రిగా చూశారు. "చేత్తో తిప్పే పిడికి లక్క సీలుంది. సీలు తెంపితే లస్కరు ఉద్యోగం ఆ క్షణానే పోతుంది. పైగా ఇది లేచాక తలుపు ఎక్కడుందని దాని లెక్క, ఎక్కడుందని మన లెక్క? తెరిచే ఉందనుకుని తిప్పుతుంది, పిడి మీద చేతులుంటే విరుగుతాయి."

"అది అప్పుడు చూద్దాం సార్." ఆమె లైన్లోకి తిరిగింది. "బాబాయ్, సీలు తెంపి పిడి తిప్పు. నేను చెప్తున్నాను. నా పేరు మీద."

లైన్లో లక్క పెటుక్కుమన్న చప్పుడు వచ్చింది. తర్వాత ఇనుము కిర్రుమంది, ఏసుపాదం మూలిగాడు. మళ్లీ కిర్రుమంది.

"తిరగట్లేదమ్మా. సగం చుట్టు తిరుగుద్ది, మళ్లా ఎనక్కి లాగుద్ది. ఇది ఇద్దరి పనమ్మా, ఒక్కడి వల్ల అవదు."

ఎనిమిదో తలుపు అక్కడికి మూడు కిలోమీటర్లు. పదోది ఆరువందల గజాలు.

"పేరయ్య గారూ," అంది నాంచారి. "వింటున్నారా? తొమ్మిదో తలుపు దగ్గరికి వెళ్లండి. సైకిలుందిగా."

లైన్లో ఎవరిదో ఊపిరి మాత్రం వినబడుతోంది.

"పేరయ్య గారూ!"

"ఆడి పక్కన నేను పిడి పట్టాలా అమ్మాయ్ గారూ?" పేరయ్య గొంతు మెల్లగా, బొంగురుగా ఉంది. "నా ఆడమనిషిని మింగిన తలుపది. ఆడు బొత్తాం నొక్కి తింటా కూచున్నాడు, అది కేకలేత్తా పోయింది. వేరే ఎవర్నైనా పంపు. నేను పోను."

"వేరే ఎవరూ అందుకోలేరు. నలభై మంది ఉన్నారు కాలువలో."

"నేను పోనమ్మా."

పిడి కిర్రుమంటూనే ఉంది, సగం చుట్టు, మళ్లీ వెనక్కి. నాంచారి తెరకేసి చూసింది. పంచనామా ఎనిమిదో బుర్ర దగ్గర ఉంది. ఈ వరసలు విచారణలో మండలి చదవాలి. చదివేదాకా బయటపెట్టడం నేరం. ఆమె నోరు తెరవబోవడం చూసి రజాక్ గారికి అర్థమైపోయింది.

"నాంచారీ, వద్దు. లైన్లో ఇరవై నాలుగు మంది ఉన్నారు. నిన్ను తీసేస్తారు."

"తియ్యనివ్వండి సార్." ఆమె లైన్లోకి వంగింది. "పేరయ్య గారూ, వినండి. అందరూ వినండి. ఆ రోజు మర కూలింది ఏసుపాదం వల్ల కాదు. వీరాస్వామి గారితో కలిసి తినాలని మీరు ఇరవై నాలుగు మందీ ఒక్కసారే బొత్తాం నొక్కారు. ప్రతి బుర్రా తన కాపలా పక్కదానికి ఇవ్వబోయింది. పుచ్చుకోవడానికి ఒక్కటీ ఖాళీ లేదు. దానితో కూలింది. ఇవాళ మీ కోసం నొక్కారు, ఇవాళా అదే జరిగింది. నా ఎదురుగా రాసి ఉంది, చదువుతున్నాను."

పిడి చప్పుడు ఆగిపోయింది.

"అంటే," అన్నాడు పేరయ్య. "ఆ రోజు నేనూ నొక్కాగా అమ్మా."

అబద్ధం చెప్పొచ్చు. మెత్తగా ఏదో ఒకటి అనొచ్చు. ఆమెకు చేతకాలేదు. "నొక్కారు. పంచనామా లేకుండా తాళం తిప్పింది నేను. అప్పుడే ఆగి చదివుంటే తెలిసేది. నా తప్పూ ఉంది."

ఏదో కింద పడ్డ చప్పుడైంది. రిసీవరు కాబోలు. ఆ తర్వాత పదో తలుపు దగ్గర్నుంచి గాలి హోరు తప్ప ఏమీ లేదు.

తొమ్మిదీ అయిదు. బయలుదేరాడో, అక్కడే కూలబడ్డాడో, సముద్రంలోకే దూకాడో తెలియదు. చెప్పకుండా ఉండాల్సిందా? రజాక్ గారు మేస్త్రి నంబరుకు మళ్లీ మళ్లీ ఫోను చేస్తూనే ఉన్నారు, ప్రతిసారీ అదే పాట మోగి ఆగిపోతోంది. తెర మీద పదో బుర్ర, పదకొండో బుర్ర. తొమ్మిదీ ఆరు.

"బాబాయ్, ఎవరైనా కనిపిస్తున్నారా?"

"గట్టు మీద దుమ్ము లేత్తందమ్మా." ఏసుపాదం రొప్పుతున్నాడు. "సైకిలు. పేరయ్యే. సైకిలు పారేసి పరిగెత్తుకొత్తన్నాడు."

ఆ తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకున్నారో లేదో లైన్లో వినబడలేదు. పిడి ఒక్కసారి గట్టిగా అరిచింది, ఆపైన తిరగడం మొదలుపెట్టింది. ఏసుపాదం చుట్లు లెక్కపెడుతున్నాడు. నూట అరవై చుట్లు తిరగాలి. అరవై దగ్గర పోటు గడపకు జానెడు కింద ఉంది. నూటపది దగ్గర గడప తడిసింది. నూట నలభై దగ్గర నీళ్లు లోపలికి జారుతున్నాయని పేరయ్య అరిచాడు. నూట నలభై నుంచి లెక్కపెట్టింది అతనే.

"నూట అరవై," అన్నాడు పేరయ్య. "పడిందమ్మా. పడింది."

టైము తొమ్మిదీ పదమూడు. సరిగ్గా అప్పుడే మేస్త్రి ఫోను ఎత్తాడు. కాలువలో నీళ్లు బెత్తెడు పెరిగితే డెక్కంతా మా మీదకే తోసుకొచ్చింది, తలుపెవరు సరిగా మూయలేదంటూ రజాక్ గారిని నానా మాటలూ అన్నాడు. రజాక్ గారు అన్నీ పడి, ఫోను పెట్టేసి, కుర్చీలో కూచుని కళ్లు తుడుచుకున్నారు.

తొమ్మిదీ పధ్నాలుగుకు పంచనామా పూర్తయింది. ఇరవై నాలుగో బుర్ర: తన కాపలా ఒకటోదానికి, ఎదురుచూపు. వలయం మూసుకుంది. ఇక ఎవరూ ఏసుపాదం పేరెత్తలేరు. నాంచారి దాన్ని మూడు చోట్ల దాచిపెట్టింది, ఒకటి మండలి చేతికి అందని చోట. అంతలో తెర అడిగింది. *లేవమంటారా?* పక్కన ముప్పై సెకన్ల లెక్క వెనక్కి నడుస్తోంది. జవాబివ్వకపోతే తనంతట తనే లేస్తుంది.

లేస్తే తొమ్మిదో తలుపు తెరిచే ఉందనుకుంటుంది. పిడి మీద నాలుగు చేతులున్నాయి.

"లేపకుండా ఎట్లా?" అన్నారు రజాక్ గారు. "ఈ పోటు పదీ నలభై దాకా ఉంటుంది. ఆటు మొదలయ్యాక ఇరవై నాలుగూ తెరవాలి. లేకపోతే లోపలి మురుగు ఊళ్లెక్కుతుంది. మర లేకుండా ఈ కట్ట ఒక్క పోటు కూడా దాటలేదు, ఎప్పుడూ."

"ఇవాళ దాటాలి సార్. చీటీలు తీసి, తలుపుల లెక్క సరిచేసి, అప్పుడు లేపుతాను. సాయంత్రమవుతుంది."

"దాటకపోతే?"

లెక్క పదకొండు దగ్గర ఉండగా ఆమె *వద్దు* నొక్కి తాళం తీసి బల్ల మీద పెట్టింది. తెర నల్లబడింది. ఆ గదిలో చేరిన పన్నెండేళ్లలో ఆ నలుపు ఆమె ఎప్పుడూ చూడలేదు.

"అందరూ వినండి," అంది లైన్లోకి. "మర పడుకుంది. నేనే లేపలేదు. అందరూ సీళ్లు తెంపండి. మర లేనిదే తలుపులకు కొక్కెం పడదు, వెనక్కి జారతాయి, కాబట్టి ఎవరి పిడి వాళ్లు పట్టుకునే ఉండండి. ఆటు మొదలైనప్పుడు నేను చెప్తాను, ఒక్కొక్కరే తెరవండి. కట్ట కింద ఊళ్ల నుంచి సాయానికి మనుషుల్ని పంపిస్తున్నాను."

మండలి ఫోను మోగడం మొదలుపెట్టింది. రజాక్ గారు ఎత్తి, చేత్తో మూసి అడిగారు. "ఎవరు ఆపారంటున్నారు."

"నా పేరు చెప్పండి."

ఆయన చెప్పారు. తన పేరు కూడా కలిపారో లేదో ఆమె వినలేదు. లైన్లో సీళ్లు తెగుతున్న చప్పుళ్లు. ఒకటి, రెండు, అయిదు. కొందరు తటపటాయిస్తున్నారు. మందమతి కాపలాదారు, పదిహేడోవాడు, "ఇది నిజంగా నువ్వే చెప్పావని రాసిత్తావా అమ్మాయ్" అని అడిగాడు. ఇస్తానంది. పోటు ఇంకా గంటన్నర ఉంది. బయట సముద్రం ఏ పేరూ అడగదు.

తొమ్మిదో తలుపు దగ్గర రిసీవరు తెరిచే ఉంది.

"పేరయ్యా, పిడి ఇటియ్యి," అంటున్నాడు ఏసుపాదం. "నా క్యారియర్లో అన్నముంది, రెండు ముద్దలు తిను. నువ్వు తినందే ఇయ్యాల ఎవరికీ ముద్ద దిగదు."

"నువ్వు తిను ముందు."

"నేనెట్టా తింటాన్రా నీకంటే ముందు? కర్మ చేసుకొచ్చినోడివి. ఆనవాయితీ ఉంది గదా."

"ఆనవాయితీ ఏం చేసిందో ఇందాక ఇన్లేదా? తిను. నువ్వు తిన్నాక నేను. ఆ తర్వాత ఎనిమిదోవాడు, అట్టా ఒకరి తర్వాత ఒకరు. ఎంతసేపైనా కానీ. పిడి నేను పట్టుకుంటా."

ఏసుపాదం వెక్కివెక్కి ఏడవడం రాగితీగ మీద దీవంతా వినబడింది.

"ఏడవమాక," అన్నాడు పేరయ్య. "మూడింటికి ఆళ్ల ముందు నిలబడాలిగా, ఖాళీ కడుపుతో ఏం చెప్తావు? నేనూ వత్తాలే నీతోటి."

లైన్లో క్యారియరు మూత తీసిన చప్పుడైంది.